పదకొండు రోజులు, పద్దెనిమిది చీపుళ్ళు

ఉల్లిపాయ కోసి చంకలో పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోతుందన్నది మా చిన్నప్పుడు పిల్లలందరికీ తెలిసిన శాస్త్రం. నేను మూడు రాత్రులు పరీక్షించి చూశాను. జ్వరం రాలేదు. నాలుగో రోజు పొద్దున్న మా మామ్మ నా చొక్కా వాసన చూసి, "పులుసులోకి ఉల్లిపాయలు తరిగిపోతన్నాయేంట్రా అనుకుంటన్నాను" అంది. అంతే. తిట్టలేదు. చొక్కా విప్పి బకెట్లో పడేసింది, నా నెత్తిన నాలుగు చెంబులు కుమ్మరించింది, పుస్తకాల సంచీ భుజానికి తగిలించి వీధిగుమ్మం దాటించింది.

అది 1986. నేను ఆరో తరగతి. మా ఊరు కోనసీమలో, గౌతమి గట్టు పక్కన. ముక్తేశ్వరం రేవు నుంచి గట్టు మీద నడుచుకుంటూ వచ్చెయ్యొచ్చు. అప్పటికి మాదింకా తూర్పు గోదావరి జిల్లాయే. అయిదు దాకా బడి మా వీధి చివరే ఉండేది. గంట కొట్టాక పరిగెత్తినా సరిపోయేది. ఆరుకొచ్చేసరికి హైస్కూలు రెండు కిలోమీటర్ల అవతల పడింది. మా పుంత దాటాలి, కాలవగట్టు ఎక్కాలి, కొబ్బరితోటల మధ్య నుంచి పోవాలి. వానొస్తే ఆ దారిలో చెప్పులు చేతిలో పట్టుకుని నడవాల్సిందే.

ఇప్పుడెవరైనా బడి ఎగ్గొట్టిన సంగతులు రాస్తే అందులో రాక్షసుడిలాంటి మేష్టారొకడు తప్పకుండా ఉంటాడు. లేకపోతే ఏడిపించుకు తినే పెద్దపిల్లలుంటారు. నాకు అలాంటి సాకేమీ లేదు. మేష్టార్లు మంచివాళ్ళే. నాకున్నది ఒట్టి బద్ధకం. కల్తీ లేని బద్ధకం. పొద్దున్నే లేవాలి, నడవాలి, కూర్చోవాలి, మళ్ళీ నడవాలి. ఇవన్నీ ఎందుకు అన్నదే నా ప్రశ్న.

లెక్కల మేష్టారు మాత్రం ఒక్క మాట అనేవారు. "ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852 కల్లా పూర్తి చేశాడ్రా కాటన్ దొర. అయిదేళ్ళు! నువ్వు అయిదేళ్ళు చదివొచ్చి పదమూడో ఎక్కం పూర్తి చెయ్యలేకపోయావు." క్లాసంతా నవ్వేది. నాకు కోపం వచ్చేది గానీ ఎదురు చెప్పడానికి నోరు పెగిలేది కాదు. మా వైపు కాటన్ దొర పేరెత్తాక ఇంక మాట్లాడేదేముంటుంది? ఆయన కట్టిన కాలవల నీళ్ళతో పండిన అన్నం తినే కదా బడికొచ్చాం.

ఉల్లిపాయ దెబ్బతిన్నాక కడుపునొప్పి పట్టాను. మామ్మ ఆముదం పట్టింది. ఆ రోజు బడి తప్పిన మాట నిజమేగానీ, దాని కంటే బడే నయం. తర్వాత కాలు బెణికింది. కుడికాలు కుంటుకుంటూ దొడ్లోకి వెళ్ళి, ఎడంకాలు కుంటుకుంటూ వచ్చాను. మా అమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. మామ్మ నవ్వలేదు. "ఏ కాలో ముందు తేల్చుకో. తేల్చుకున్నాక దాంతోనే నడుచుకుంటా ఎళ్ళు" అంది.

రాత్రుళ్ళు అరుగు మీద పడుకుని మామ్మ పాత సంగతులు చెప్పేది. కాకినాడ నుంచి అవతలి ఒడ్డున కోటిపల్లి దాకా రైలు ఉండేదట. 1940లో యుద్ధానికి ఇనుము కావాలని పట్టాలు పీక్కుపోయారట. "పట్టాలు పీక్కుపోయినోళ్ళు బళ్ళు కూడా పీక్కుపోవచ్చుగా మామ్మా" అన్నాను. చీకట్లో ఆవిడ మొహం కనపడలేదు గానీ విసనకర్రతో ఒక్కటి తగిలింది. (ఆ పట్టాలు మళ్ళీ పడి కోటిపల్లికి రైలు రావడానికి 2004 దాకా పట్టింది. మామ్మ చూడలేదు.)

రోగాలతో లాభం లేదని తేలిపోయాక, జులైలో ఒక సోమవారం, నేను బడికని బయల్దేరి బడికి వెళ్ళలేదు.

కాలవగట్టు దిగి లోపలికి వెళితే మాకు పెదనాన్న వరసయ్యే ఒకాయన కొబ్బరితోట ఉండేది. తోట మధ్యలో తాటాకు కప్పిన పాత ఇంజను షెడ్డు. ఇంజను ఎప్పుడో ఎత్తుకెళ్ళిపోయారు. లోపల నాలుగు గోనెసంచులు, తుప్పు పట్టిన గొట్టం, ఒక మూల ఎలకలు కొట్టిన కొబ్బరికాయలు. ఇంతకంటే స్వర్గం ఉంటుందా అనుకుని గోనెసంచులు పరుచుకుని పడుకున్నాను.

పది కాకముందే క్యారేజీ ఖాళీ చేశాను. ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియలేదు.

ఏమీ చెయ్యకుండా ఉండడం తేలికని అనుకునేవాళ్ళు ఒక్కసారి ఏ ఇంజను షెడ్డులోనో ఏడు గంటలు దాక్కుని చూడాలి. దగ్గు రాకూడదు. పాట పాడుకోకూడదు. చీమలు కుట్టినా అరవకూడదు. దాహమేస్తే బోదె దాకా వంగుని వెళ్ళాలి, ఎందుకంటే అవి ఆషాఢం ఊడ్పుల రోజులు. ఏ చేలో చూసినా మనుషులే. మామూలు రోజుల్లో పిట్ట కూడా తిరగని గట్ల మీద ఆకుకట్టలు మోసేవాళ్ళు, అన్నాలు తెచ్చేవాళ్ళు, మజ్జిగ తెచ్చేవాళ్ళు. అందరూ మమ్మల్ని ఎరిగినవాళ్ళే.

అన్నిటికంటే పెద్ద చిక్కు టైము. నా దగ్గర గడియారం లేదు. నీడ చూసి చెప్పొచ్చని అనుకున్నాను. మొదటి రోజు కుదిరింది. రెండో రోజు మబ్బు పట్టి నీడే లేదు. సాయంత్రమైపోయిందని ఇంటికి వెళితే అమ్మ అప్పుడే అన్నాలు తిని ఎంగిళ్ళెత్తుతోంది. మేష్టారికి ఒంట్లో బాగోక తొందరగా వదిలేశారని చెప్పాను. దాంతో ఆ మేష్టారికి ఎలా ఉందని మా ఇంట్లో రోజూ అడగడం మొదలెట్టారు. పాపం ఆయనకి నేను రెండు రోజులు జ్వరం ఉంచి, మూడో రోజు తగ్గించాను. తర్వాత అమలాపురం బస్సు హారను గుర్తుపెట్టుకున్నాను. సాయంత్రం బస్సు మా స్టేజీ దగ్గర హారను కొట్టాక కాసేపు ఆగి, గట్టు పక్క తుప్పల్లో నక్కి, బడి నుంచి వచ్చే పిల్లల గుంపులో కలిసిపోయేవాణ్ణి.

ఇక నోటుపుస్తకాలు. మా నాన్న ఎనిమిది దాకా చదివి ఆపేసిన మనిషి. పాఠాల జోలికి వచ్చేవారు కాదు గానీ రాత్రి దీపం దగ్గర నోటుపుస్తకం తిరగేసి, ఎర్ర టిక్కులున్నాయా లేదా చూసేవారు. అందుకని ఎర్ర పెన్సిలొకటి సంపాదించాను. క్లాసులో ఎక్కడిదాకా అయ్యిందో చెప్పడానికి పక్కబెంచీ వాడికి నేరేడుపళ్ళ లంచం. వాడు చెప్పినదాన్ని బట్టి మర్నాడు షెడ్డులో కూర్చుని ఆ లెక్కలు నేనే చేసి, నేనే టిక్కు పెట్టేవాణ్ణి. అన్నీ ఒప్పులైతే నాన్న నమ్మరు. నా సంగతి ఆయనకి తెలుసు. కాబట్టి మూడింటికొకటి తప్పు చేసి, ఎర్ర గీత కొట్టి, పక్కన మేష్టారి అక్షరాల్లో సరైన జవాబు వెయ్యాలి. తప్పు నమ్మేలా చెయ్యాలంటే ముందు ఒప్పు తెలియాలి కదా. భిన్నాల కూడిక బడిలో ఎందుకు బుర్రకెక్కలేదో తెలియదు గానీ, ఆ షెడ్డులో గంటన్నర కుస్తీ పట్టి నేర్చుకున్నాను. పదమూడో ఎక్కం కూడా అక్కడే వచ్చింది. చదవాలని కాదు, తోచక. తుప్పు గొట్టం మీద పుల్లతో కొట్టుకుంటూ గొణుక్కునేవాణ్ణి.

ఎనిమిదో రోజు ఆకాశం నుంచి గొంతు వినపడింది.

"ఏం బుల్లోడా, ఇయ్యాల కూడా బళ్ళేదా?"

తలెత్తి చూస్తే కొబ్బరిచెట్టు మొవ్వు దగ్గర దింపు తీసే మావయ్య, కాళ్ళకి బందం, నడుముకి కత్తి. కోనసీమలో నేల మీద వాళ్ళ నుంచి దాక్కోవచ్చు గానీ చెట్టు మీద వాళ్ళ నుంచి ఎవడూ దాక్కోలేడన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. అక్కణ్ణించి చూస్తే ఎవరి దొడ్లో ఏం ఎండబెట్టారో కూడా తెలిసిపోతుంది.

"మూడ్రోజుల్నించి చూత్తన్నాను. నాకేటి, నేను సెప్పను" అన్నాడు కిందికి దిగి చుట్ట ముట్టించి. "ఊరికే కూకున్నావ్ గదా, కిందడ్డ కాయలు పోగేసి లెక్కెట్టు."

ఏ పనీ చెయ్యకూడదని బడి మానేసినవాణ్ణి తోటంతా తిరిగి కాయలు పోగేశాను. చిత్రమేమిటంటే నాకు కష్టంగా అనిపించలేదు. మాట్లాడడానికి ఒక మనిషి దొరికాడు, అది చాలు. లెక్క తప్పకుండా ఉండాలని వరసకి పదమూడు చొప్పున పేర్చాను. పదమూడే ఎందుకంటే ఆ ఎక్కం అప్పుడే వచ్చింది, దాన్నెక్కడైనా వాడాలని ఉబలాటం. పదిహేడు వరసలు, మీద నాలుగు. రెండొందల పాతిక.

పదకొండో రోజు కూడా అలాగే లెక్కపెడుతుంటే తోట ఆసామి, అదే మా పెదనాన్న, వెనకనుంచి వచ్చి నిలబడ్డాడు. నేను చూసుకోలేదు. గట్టిగా పదమూడో ఎక్కం చదువుతూ కాయలు పేరుస్తున్నాను. ఆయన రెండుసార్లు సరిచూసుకుని, "ఓరి నీ అసాధ్యం కూలా!" అని నా వీపు తట్టి వెళ్ళిపోయాడు. కోప్పడలేదు. అసలు బడి ఊసే ఎత్తలేదు. నేను సంతోషించాను కూడా.

ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర ఆయన మా నాన్నతో అన్నాడట, "మీవోడు లెక్కల్లో గట్టోడ్రా తమ్ముడూ, తోటలో కాయలన్నీ చిటికెలో తేల్చేశాడు. బడికి సెలవులా ఏంటి?"

దొంగతనంగా పడుకుని దొరికిపోయినవాళ్ళని చూశాను. పని బాగా చేసి దొరికిపోయినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

నాన్న చింతబరిక విరుచుకొచ్చారు. రెండు పడ్డాయి. మూడోదానికి మామ్మ అడ్డొచ్చింది. "కొట్టకు. కొడితే రేపు ఇంకో షెడ్డు ఎతుక్కుంటాడు. నాకొదిలెయ్."

మర్నాడు నేను సంచీ తగిలించుకుని బయల్దేరేసరికి మామ్మ కూడా సిద్ధంగా ఉంది. నెత్తిన కొబ్బరిమట్టల కట్ట, చేతిలో చాకు, కొంగున మరచెంబు. "పద" అంది. అప్పటికావిడకి అరవై అయిదు దాటాయి, మోకాళ్ళు పట్టేసేవి. గట్టు మీద నేను ముందు, వెనక మట్టలు నేలకి రాసుకుంటూ ఆవిడ. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

బడి ఆవరణలో బాదంచెట్టు కింద మట్టలు దించుకుని కూర్చుంది. హెడ్మాస్టరుగారు వచ్చి "ఏంటమ్మా ఇది?" అన్నారు.

"మా మనవడికి బళ్ళో కూకోడం అలవాటు లేదండి బాబూ. నేనిక్కడ కూకుంటే ఆడక్కడ కూకుంటాడు. మీ పనికి అడ్డం రాను."

ఆయనకి ఏమనాలో తోచలేదు. సరేనన్నట్టు తలూపి వెళ్ళిపోయారు.

మామ్మ మట్ట నుంచి ఆకు చీల్చేది, ఈనె తీసి చాకుతో గీకేది, పక్కన పెట్టేది. గుప్పెడు అయ్యాక మొదలు తట్టి, కట్టేది. మా క్లాసు కిటికీలోంచి చూస్తే చెట్టూ, మామ్మా, ఈనెల కుప్పా తప్ప ఇంకేం కనపడేది కాదు. మూడో రోజుకల్లా నా పేరు మారిపోయింది. హైస్కూలు వదిలేదాకా నన్ను అందరూ 'చీపురు' అనే పిలిచారు. ఇప్పటికీ ఎక్కడైనా పెళ్ళిలో కనపడితే ఒకరిద్దరు అలాగే పిలుస్తారు.

"మామ్మా, రేపట్నించి నేనే ఎల్తాను, నువ్వు రావద్దు" అని ఏడ్చాను.

"ఎళ్ళు. ఎవరొద్దన్నారు? నేనూ వత్తాను."

వానొస్తే వరండాలోకి జరిగేది. మధ్యాహ్నం సాంఘిక శాస్త్రం క్లాసులో స్తంభానికి చేరబడి గురక పెట్టేది. పారిపోవాలంటే అదే అదను. వెనక గుమ్మం తెరిచే ఉండేది. ఎందుకో వెళ్ళలేదు. సిగ్గో, జాలో, లేక ఆవిడ లేచి నేను లేకపోతే ఆ మోకాళ్ళతో తోటలన్నీ వెతుక్కుంటూ వస్తుందన్న భయమో, సరిగ్గా చెప్పలేను. వెతుక్కుంటూ వచ్చేది మాత్రం ఖాయం. రాత్రి ఆవిడ కాళ్ళకి కర్పూరం నూనె రాసే పని నాదే.

ఇలా సాగుతుండగా ఆగస్టు వచ్చింది, దాంతో గోదారికి ఎర్రనీళ్ళు, అదే వరద, వచ్చాయి. ఏటా వచ్చేవే అనుకున్నాం. కానీ ఈసారి రేడియో పెట్టిన ప్రతి ఇంటి ముందూ జనం మూగారు. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులకి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. నీళ్ళు దాన్నీ దాటి పైకి పోతున్నాయి. నాన్న, ఊళ్ళో మగవాళ్ళంతా లాంతర్లు పట్టుకుని రాత్రంతా ఏటిగట్టు మీదే ఉన్నారు, ఇసక బస్తాలు వేస్తూ. ఎవరూ తరమకుండా నేను బడికి వెళ్ళే ఒకే ఒక్క రోజు జెండా పండగ, చాక్లెట్లు పంచుతారని. అది కూడా పోయింది. ఆగస్టు 16న ధవళేశ్వరం మీంచి 35 లక్షల క్యూసెక్కుల పైన నీళ్ళు దిగాయి. ఎన్నో చోట్ల గట్లు తెగాయి. మా గట్టు నిలబడింది గానీ మురుగుకాలవ ఎదురు తన్ని పల్లపు వైపంతా ముంచేసింది. బడి పల్లంలోనే ఉంది.

లంకల్లో వాళ్ళు గొడ్లతో, కోళ్ళతో, పిల్లలతో గట్టు మీదికొచ్చేశారు. మా అమ్మా వాళ్ళూ పెద్ద డేగిసాలతో అన్నం వండి గట్టు మీదికి పంపారు. నాలాంటి పిల్లలం పచ్చడి జాడీలు మోశాం.

ఇక్కడొక సంగతి ఎవరికీ చెప్పలేదు. బడి మునిగిపోవాలని నేను దణ్ణం పెట్టుకున్నాను. షెడ్డు నుంచి దొరికిపోయిన రాత్రి, గోదారి వైపు తిరిగి, మనసులో. ఆ మాట గోదారి వినేసిందేమోనని గట్టు మీద తడిసిన దుప్పట్లలో పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు కడుపులో తిప్పేది. ఈసారి నిజంగానే జ్వరం వచ్చింది. ఉల్లిపాయ అక్కర్లేకుండా.

నీళ్ళు తీశాక బడిలో అడుగు మందం ఒండ్రు. బెంచీలు ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి. శుభ్రం చెయ్యడానికి వచ్చేవాళ్ళు రావచ్చని కబురొచ్చింది. రావాలని లేదు, రావచ్చని. నేను సంచీ లేకుండా బయల్దేరుతుంటే మామ్మ పిలిచింది. ఆ గట్టు మీద పనులతో మోకాళ్ళు వాచిపోయి ఆవిడ మంచం దిగే స్థితిలో లేదు. మంచం కింద చీపుళ్ళ కట్ట చూపించింది.

"పద్దెనిమిది ఉన్నాయి. లెక్కెట్టి ఇయ్యి. లెక్కెట్టి తే."

కట్ట నెత్తిన పెట్టుకుని గట్టెక్కాను. చీపురు చీపుళ్ళు మోసుకొస్తున్నాడని దూరం నుంచే ఈలలు. కానీ కాసేపటికి ఆ ఈలలు వేసినవాళ్ళే నాకొకటి నాకొకటి అని లాక్కున్నారు. ఒండ్రు తియ్యడానికి కొబ్బరి ఈనెల చీపురుని మించింది లేదు. నీళ్ళు కొట్టడం, తోయడం, మళ్ళీ నీళ్ళు కొట్టడం. మూడు రోజులు పట్టింది. తోట వైపు కూడా వెళ్ళి చూశాను. షెడ్డు లేదు. ఇంజను దిమ్మ మాత్రం మిగిలింది, దాని మీద ఒక కప్ప.

బడి తెరిచిన రోజు మేష్టారు కొత్త హాజరుపట్టీ తెచ్చారు. పాతది బీరువా కింది అరలో ఉండి నానిపోయి గంజిలా అయిపోయింది. నా పదకొండు రోజులూ అందులోనే కరిగిపోయాయన్నమాట. ఆయన ఒక్కొక్కరి పేరూ రాస్తూ, జూన్ నుంచి ఎన్ని రోజులు రాలేదో ఎవరికి వాళ్ళు చెప్పమన్నారు. అందరూ వరసగా "లేదండి, లేదండి" అంటున్నారు. నా వంతు వచ్చింది. నేను నోరు తెరిచేలోపే క్లాసు క్లాసంతా ఒక్క గొంతుతో "పదకొండండీ!" అని అరిచింది.

మేష్టారు నవ్వలేదు. "పదమూడో ఎక్కం చెప్పు" అన్నారు.

చెప్పాను. పదమూడు పదులు నూట ముప్పై దగ్గర ఆపకుండా పదమూడు పదిహేడ్లు రెండొందల ఇరవై ఒకటి దాకా వెళ్ళాను. ఆయన కళ్ళజోడు మీంచి నావైపు కాసేపు చూసి, పట్టీలో ఏదో రాసుకున్నారు. ఏం రాశారో నాకు తెలియదు.

సాయంత్రం చీపుళ్ళ కట్ట ఇంటికి తెచ్చాను. మామ్మ మంచం మీద కూర్చుని ఒక్కొక్కటీ వేలు పెట్టి లెక్కపెట్టింది.

"పదహారే ఉన్నాయి. రెండేవైపోయాయ్?"

"తెలీదు మామ్మా. ఎవడో పట్టుకుపోయుంటాడు."

"రేపెళ్ళి అడిగి తే."

మర్నాడు వెళ్ళి అడిగాను. ఎవరూ తీయలేదన్నారు. ఆ రాత్రీ అడిగింది, "చీపుళ్ళు దొరికాయా?" లేదన్నాను. "రేపెళ్ళి చూడు" అంది. ఆ రెండు చీపుళ్ళూ దొరకలేదు. ఏప్రిల్‌లో కాలవ కట్టేసి, బడికి సెలవులిచ్చేదాకా మామ్మ ప్రతి సాయంత్రం అడుగుతూనే ఉంది.